స్వరూప ఫిట్టే!

స్వరూప కిటికీలోంచి చెయ్యి చాపి, అవతలి చేతిలోని ఇత్తడి బిళ్ళ అందుకుంది. దాని మీది నంబరు చూసి వెనక్కి తిరిగి, అదే నంబరు కొక్కేనికి వేలాడుతున్న, టోపీకి పెట్టుకునే బత్తిని తీసి ఇచ్చింది. బత్తి ఉన్నచోట బిళ్ళ తగిలించింది. మళ్ళీ చెయ్యి చాపింది.

నస్పూర్ దగ్గరి బొగ్గుబాయి ల్యాంప్‌రూంలో పదకొండేళ్ళుగా ఆమె చేసే పని ఇదే. బాయి దిగేవాళ్ళంతా ఆ కిటికీ ముందు వరుస కట్టి, బిళ్ళ ఇచ్చి బత్తి పట్టుకుపోతారు. పైకొచ్చాక బత్తి ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. కొక్కేనికి బత్తి ఉంటే మనిషి పైన ఉన్నట్టు, బిళ్ళ ఉంటే ఇంకా భూమి కింద ఉన్నట్టు. పనేమో తేలిక, పొరపాటుకు మాత్రం చోటు లేదు.

ఆ చోటు లేనిచోటే పోయిన నెల స్వరూప పొరపాటు చేసింది. షిఫ్టంతా పైకొచ్చాక చూస్తే హనుమండ్లు అనే కార్మికుడి కొక్కేనికి బిళ్ళ వేలాడుతోంది. పరుగెత్తి చెప్పింది, సైరన్ మోగింది, రెస్క్యూ వాళ్ళు సామానుతో సహా బాయి దిగారు. హనుమండ్లు పెళ్ళాం గుండెలు బాదుకుంటూ ఆటోలో వచ్చింది. చివరికి హనుమండ్లు దొరికాడు, బామ్మర్ది ఇంట్లో మటన్ బొక్క కొరుకుతూ. దావత్ తొందరలో బత్తి కిటికీలో పెట్టి, బిళ్ళ అడగకుండానే పోయాడట. మరి ఆ బత్తేదీ? స్వరూప టిఫిన్‌డబ్బా పక్కనే ఉంది, ఆమె చెమట తుడుచుకుని పడేసిన తువ్వాల కింద. కిటికీలోంచి తానే తీసి అక్కడ పెట్టానన్న సంగతి ఆమెకు చచ్చినా గుర్తు రాలేదు.

"స్వరూపక్కా, జర మంచిగ చూస్కో. నేను దిగుతున్న," అన్నాడు ఇవాళ హనుమండ్లు, బిళ్ళ ఆమె ముక్కు ముందు ఊపుతూ. "ఇంటికి పోయి పండుకున్నంక సైరన్ కొట్టకు మల్ల!"

వరుసంతా గొల్లుమంది. స్వరూప కూడా నవ్వింది. నవ్వుతుండగానే గుండెల కింద సెగ పుట్టి మెడకెక్కి చెవులు భగ్గుమన్నాయి. జనవరి చలికి అందరూ స్వెటర్లు తొడుక్కుని, తలలకు మఫ్లర్లు చుట్టుకొచ్చారు. ఆమె జాకెట్టు మాత్రం వీపుకు అతుక్కుపోయింది. ఆరడుగుల దూరాన బ్యాటరీలు తుడుస్తున్న కొమురవ్వ ఓరకంట చూసింది.

"మల్ల సెగ లేసిందానే?"

"లేసిందక్కా."

"గా గర్భసంచి తీసేపిచ్చుకోవే అంటె ఇనవు. మా లైన్ల ఎవలకున్నదది? నాది తీసి పదిహేనేండ్లాయె."

తలా ఒక వైద్యం చెప్పనివాళ్ళు లేరు. ఆర్‌ఎంపీ సూదులు పొడిచాడు. ఇంతకుముందొక డాక్టరు టెన్షనని నిద్రమాత్రలు రాశాడు. ఆడబిడ్డ తారాబాయి తాయెత్తు కట్టించింది. రెండేళ్ళుగా నెలసరికి లెక్కాపత్రం లేదు. వస్తే వారం దాటినా ఆగదు, లేదంటే రెండు నెలలు జాడే ఉండదు. అర్ధరాత్రి చెమటలు పట్టి మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడదు. నెలసరి సంగతి ఆ మగడాక్టరు అడగలేదు, సిగ్గుకొద్దీ ఈమె చెప్పలేదు.

సైరన్ మోగిన రోజు నుంచి కొడుకు సిద్ధుకు మాత్రం తల్లి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నీళ్ళు తోడిపెడుతున్నాడు, కూరగాయలు తెస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. బొగ్గుబాయి కాలనీలో ఇంటికొకరి నోట ఒకటే మాట: అన్‌ఫిట్. మనిషి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ నౌకరీ బిడ్డలకొస్తుంది. అందుకే అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే చుట్టాలు ముందు అయ్యో అంటారు, వెంటనే బోర్డుకు పెట్టినవా అంటారు. "ఎవలడిగినా మతిమరుపున్నదనే చెప్పవ్వా," అని సిద్ధు నేర్పుతున్నాడు. ఆమె సరేనంది. రేపు ఆఫీసుకు పోయి దరఖాస్తు పెడతానని మాట కూడా ఇచ్చింది.

కొడుకు కోసం ఇచ్చిన మాటే కాదది. నిజంగానే మతి పోతోందని ఆమెకు భయం. తల్లి చంద్రవ్వ సరిగ్గా ఈ వయసులోనే చలికాలంలో నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకునేది. రాత్రంతా వాకిట్లో తిరిగేది, పొయ్యి మీద కూర మర్చిపోయేది, ఊరకే ఏడ్చేది. ఊరు పిచ్చి చంద్రవ్వ అని పేరు పెట్టింది. చచ్చేదాకా ఆ పేరు పోలేదు.

షిఫ్టంతా బాయి దిగి కిటికీ ఖాళీ అయ్యాక, కొమురవ్వకు అప్పగించి, పర్మిషన్ తీసుకుని స్వరూప ఆసుపత్రికి పోయింది. కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు ఇఖ్రాది ఆదిలాబాద్. పోయిన వారం ఈమె మతిమరుపని చెప్పబోతే, ఆవిడ మొదటే అడిగింది నెలసరి ఎట్లొస్తున్నదని. అంతే, రెండేళ్ళ కథ గడగడా చెప్పేసింది. రక్తం తీయించారు, స్కాన్ చేయించారు. ఇవాళ ఆ రిపోర్టులు చూస్తారు.

"కూర్సో అమ్మా," అంది ఇఖ్రా. "థైరాయిడ్ మంచిగుంది. షుగర్ లేదు. స్కాన్ల గడ్డలు గిట్ట ఏం లేవు. రక్తమే తక్కువున్నది, గంత పోతుంది గద."

"మరి నా మతి?"

"మతికేమైంది?"

"పోతలేదా?"

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది. "పోతలేదు. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేండ్లు ఒంట్ల హార్మోన్లు ఎక్కువ తక్కువ అయితయి. పెరిమెనోపాజ్ అంటరు. వేడి లేసుడు, చెమటలు, నిద్ర పట్టకపోవుడు, చిరాకు, మర్సిపోవుడు, అన్ని దాంట్లవే. చానామందికి అయితది. మందున్నది."

"ఇంకొక్కసారి చెప్పుండ్రి."

ఇఖ్రా నవ్వి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. స్వరూప పెదవులు ఆ మాటల వెంబడే కదిలాయి.

"సంచి తీసెయ్యాల్నా?"

"మంచిగున్నదాన్ని ఎందుకు తీస్తమమ్మా?"

ఆవిడ బీపీ చూసింది. రొమ్ములో గడ్డలున్నాయా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా, కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా అని ఒక్కొక్కటే అడిగింది. అప్పుడు రాసింది: చేతికి రాసుకునే మందొకటి, రాత్రి మింగే మాత్రొకటి, రక్తానికి ఇనుము మాత్రలు. కొన్ని వారాల్లో నిద్ర కుదురుతుందని, నిద్ర కుదిరితే మతిమరుపూ తగ్గుతుందని, మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవాలని చెప్పింది.

"మేడమ్, నన్ను అన్‌ఫిటని రాయరా మరి?"

"అన్‌ఫిటా? తౌబా! నువ్వు ఫిట్టే. ఎవలన్నరు?"

స్వరూప లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. "మా అవ్వకు గూడ గిట్లనే అయ్యేది. పిచ్చిదన్నరు."

"చూడకుంట నేను చెప్పలేనమ్మా," అంది ఇఖ్రా నెమ్మదిగా. "గానీ నిన్నడిగినట్టు ఆమెను గూడ ఎవలన్న అడగాల్సుండె."

స్వరూప అక్కడే, బయట ఇంతమంది లైన్లో ఉండగా, వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగగానే నవ్వొచ్చింది. మందుల సంచి చంకన పెట్టుకుని బయటపడేసరికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నాకు పిచ్చి లేదు! ఆటోలో పక్కన కూర్చున్న ముసలామెకు చెప్పింది. ముసలామె చెవిటిది కాబోలు, మంచిదే బిడ్డా అని తలూపింది. అయినా సరే, దిగేటప్పుడు ఇంకోసారి చెప్పింది.

ల్యాంప్‌రూంకు తిరిగొచ్చి కొమురవ్వకు చెప్పినప్పుడు మాత్రం ఆమె తుడుస్తున్న బ్యాటరీని తుడుస్తూనే ఉండిపోయింది.

"తీసుడు అవుసరం లేదన్నదా?"

"లేదన్నదక్కా."

"నన్నెవలు గట్ల సూడనే లే," అంది కొమురవ్వ. కాసేపయ్యాక, "పోనీతియ్యి. నీదన్న ఉన్నది," అని స్వరూప బుగ్గ గిల్లింది. ఆ వేళ్ళకు నూనె మసి ఉందని ఇద్దరికీ గుర్తులేదు.

మూడింటికి షిఫ్టు పైకొచ్చింది. బొగ్గు మొహాలన్నీ కిటికీ ముందు వరుస కట్టాయి. హనుమండ్లు బత్తి ఇచ్చాడు. స్వరూప దాన్ని కొక్కేనికి తగిలించి, బిళ్ళ తెచ్చి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు గట్టిగా మూసింది.

"ఇగో హనుమండ్లూ, ఇను. నాకు మతి పోలే. ముట్లు ఆగిపోయే ముందు గట్లయితదట! డాక్టరమ్మ చెప్పింది, మందు గూడ ఇచ్చింది!"

ఆ గొంతు వరుస చివరిదాకా వినబడింది. అంతమంది మగవాళ్ళూ ఒక్కసారిగా తమ చెప్పుల్ని పరీక్షగా చూసుకున్నారు. ఒకడు దగ్గాడు. హనుమండ్లు, "మంచిదక్కా... మంచిదే," అని గొణిగి జారుకున్నాడు. కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వాపుకోలేక స్వరూపకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

అందరూ పోయాక హనుమండ్లు మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"అక్కా, గా డాక్టరమ్మ ఏ పొద్దు కూసుంటది? మా ఇంటామె గూడ రాత్రంత లేసే ఉంటది. ఊకె నా మీద లేస్తది. నేనది పొగరనుకున్న."

"పొద్దుగాల కూసుంటది. నువ్వే తోల్కపో. బయట నిలవడకు, లోపలికి పో," అంది స్వరూప.

ఇంటికి ఎగురుకుంటూ పోయింది. దారిలో జిలేబీ కొన్నది. వాకిట్లో చెప్పులు విడవకముందే, "సిద్ధూ! నాకు పిచ్చి లేదురా! మందిచ్చిన్రు, తక్కువైతది!" అని కేకేసింది.

సిద్ధు మొహం ముందు విప్పారింది. ఆ తర్వాత మెల్లగా, లోపల ఏదో గుర్తొచ్చినట్టు, ముడుచుకుంది.

"మంచిగైంది," అన్నాడు. "మరి రేపటి దరఖాస్తు?"

"పెట్టనురా. ఏం లేనిదానికి ఎట్ల పెడత?"

"అవ్వా, ఏం లేకున్నా పెడుతుండ్రు జనం. నువ్వు జర యాదిమర్సినట్టు చేస్తె సాలు. నా వయసంత గిట్లనే పోవాల్నా?"

స్వరూప జిలేబీ పొట్లం గూట్లో పెట్టింది. కోపం కాదు, ఎన్నాళ్ళనుంచో లోపల ఉన్నదేదో బయటికొచ్చింది.

"మీ బాపు పానం పోతె నాకు నౌకరచ్చింది. ఇప్పుడు నా మతి పోతె నీకు రావాల్నారా? ఇంట్ల ఒకలు పోతెనే ఒకలు బతకాల్నా?"

బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయిన భర్త సారయ్య, గోడ మీది ఫొటోలోంచి ఇద్దర్నీ చూస్తున్నాడు. సిద్ధు అటు చూసి తల దించుకున్నాడు.

"లక్సెట్టిపేటల విజయేందర్ మామ పంపుసెట్ల దుకాణంల మనిషి కావాలంటుండు," అన్నాడు చివరికి. "పోత."

"కోపమొచ్చి పోతున్నవా బిడ్డా?"

"కోపమైతే ఉన్నది. తగ్గినంక ఫోన్ జేస్త."

రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. గడపదాకా పోయి వెనక్కొచ్చి, ఒక జిలేబీ నోట్లో వేసుకుని, "గా మాత్ర రాత్రి ఏసుకునుడు మర్వకు," అని, తల్లి మొహం చూడకుండా సాయంత్రం బస్సుకు పోయాడు. స్వరూప మూల మలుపుదాకా చూసింది. ఆపాలనిపించింది. ఆపలేదు. సంతోషం అలాగే ఉంది, దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

ఊరికే కూర్చోలేక చీపురు పట్టింది. సిద్ధు మంచం కింద ఊడుస్తుంటే చీపురుకు అట్టపెట్టె తగిలింది. బయటికి లాగి మూత తీసింది. లోపల బాయి దిగేవాళ్ళు తొడిగే నల్లటి కొత్త బూట్లు, కొడుకు పాదం కొలతవి, లేసులు కూడా ఎక్కించి ఉన్నాయి. బూట్ల మొనల్లో దుకాణంవాళ్ళు కుక్కిన పేపరు మాత్రం ఇంకా తీయలేదు.