కుర్చీలు వేసే ఈరయ్య

ఎనిమిది కుర్చీల దొంతరను రొమ్ముకు ఆనించుకుని, పై కుర్చీ జారకుండా గడ్డంతో అదిమిపట్టి, ఈరయ్య ట్రాలీ ఆటో నుంచి బడి ముందున్న షామియానా దాకా పదోసారి నడిచాడు. దించడంలో అతనికో పద్ధతి ఉంది. దొంతరను మోకాలికి ఆపుకుని, ఒక్కో కుర్చీని మణికట్టు విసురుతో లాగి, చప్పుడు కాకుండా నేల మీద నిలబెడతాడు. ఇరవై ఆరేళ్లుగా తాండూరులో ధనరాజ్ సేట్ టెంట్‌హౌస్‌లో ఇదే పని. పెళ్లిళ్లకూ దినాలకూ లీడర్ల మీటింగులకూ అతను వేసిన కుర్చీలు వరసగా పేరిస్తే కొడంగల్ దాకా వస్తాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ అతను కూర్చుని ఎరగడు. కూర్చోవద్దని సేట్ ఎన్నడూ అనలేదు. పనిలో ఉన్నవాడు కూర్చోవడం ఈరయ్యకే నచ్చదు.

ఇవాళ కుర్చీలు వేస్తున్నది మాత్రం తన సొంత ఊళ్లో. ఊరి గుట్ట మీద ఇరవై రెండు గాలిమరలు పెడతామని కంపెనీ వచ్చింది. దాని మీద జనం ఏమంటారో వినడానికి ఈ సభ. గుట్టకు వేసే బాట ఈరయ్య ఎకరన్నర కందిచేనును నట్టనడుమ చీల్చుకుంటూ పోతుంది. భార్య పోయాక అతనికి తనదని చెప్పుకోవడానికి ఆ చేను తప్ప మరేమీ మిగల్లేదు.

ఈ ఊళ్లో పంచాయితీ జరిగితే తీర్పు ఒప్పుకున్నవాడు కూర్చుంటాడు, ఒప్పుకోనివాడు నిలబడే ఉంటాడు. తాతలనాటి నుంచీ అంతే. పైగా కిందటి నెల పక్క ఊరివాళ్లు కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగితే, కంపెనీ ఆ ఫోటోనే చూపించి, ఊరంతా ఒప్పుకుందని చెప్పుకుంది. అందుకని ఇక్కడ అందరూ కలిసి ఒక కట్టు వేసుకున్నారు. వచ్చినవాళ్ల కార్లు ఊరవతల వాగు మీది మోరీ దాటేదాకా ఎవరూ కూర్చోరాదు, చాయ్ ముట్టరాదు.

వదిన వరసయ్యే మొగులమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. కట్టు వేయించిందే ఆమె.

"ఏం ఈరయ్యా, ఊరంత ఒక దిక్కుంటే నువ్వు కంపెనోళ్లకు కుర్చీలేస్తున్నవా?"

"ఏసుడు నా పని వదినె. కూసునుడు గాదు."

"సూస్త గద."

ఆ మాటలో నమ్మకం వీసమెత్తు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. వేయనంటే సేట్ పనిలోంచి తీసేస్తాడు. వేస్తే ఊరు మొహం మీద ఉమ్మేసేలా ఉంది. పొద్దున్నుంచీ ఎడమ దవడ లాగుతోంది. పన్ను సలుపనుకుని లవంగం బుగ్గన పెట్టుకున్నాడు.

పదకొండింటికి సభ నడిపే అధికారీ, కంపెనీ తరఫున మహిధర్ అనే తెల్లబూట్లాయనా వచ్చారు. మూడు వందల మంది నీడ వదిలేసి, ఎండలో, కుర్చీల చుట్టూ నిలబడ్డారు. రెండు వందల ఎర్ర కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని అధికారి మూడుసార్లు అడిగాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు మహిధర్ చేతులు జోడించాడు.

"ఊరికి మంచి రోడ్డు వస్తుందమ్మా. ముందు కూర్చోండి, మాట్లాడుకుందాం."

"గా రోడ్డు నీ పంకలకు, మాకు గాదు," అంది మొగులమ్మ. "గుట్ట నువ్వు గుంజుకుంటే మా గొర్లు యాడ మేయాలె?"

ఎవరో విసిరిన మట్టిపెడ్డ వేదిక వెనక ఫ్లెక్సీకి తగిలి పగిలింది. కొందరు పోరగాళ్లు షామియానా తాడు పీకేశారు. గుంజ ఒరిగిపోతుంటే ఈరయ్య ఉరికి రెండు చేతులా పట్టుకున్నాడు. వదిలితే గుడ్డ అధికారి నెత్తిన పడుతుంది. అక్కడే అలాగే నిలబడిపోయాడు. చెమట కళ్లలోకి కారుతోంది. దవడ నొప్పి భుజంలోకి దిగింది.

మహిధర్ చూశాడు. తనే ఒక కుర్చీ లాక్కొచ్చి గుంజ పక్కన వేశాడు.

"పెద్దాయనా, చెమటలు కారిపోతున్నాయి. కాసేపు కూర్చోండి."

పొద్దున్నుంచీ ఈరయ్యతో మంచిగా మాట్లాడింది ఆ ఒక్కడే. అదే అతనికి కష్టంగా తోచింది. మహిధర్ వెనక ఫోటోలు తీసే మనిషి కెమెరా ఎత్తాడు. ఎండలోని జనమంతా అరుపులు మాని ఇటే చూశారు. కూర్చోవాలని ఈరయ్యకు పుట్టి బుద్ధెరిగాక ఇంతగా ఎన్నడూ అనిపించలేదు.

"నాకు అలవాటు లేదు సార్," అన్నాడు.

ఒంటిగంట దాటాక, ఊరు నిలబడే వద్దన్నదని అధికారి కాగితం మీద రాసుకుని లేచాడు. కార్లు కదిలాయి. జనం ఈలలు వేస్తూ, తిడుతూ, మోరీ దాకా తరమడానికి వాటి వెంట పడ్డారు. బడి ముందర ఈరయ్య ఒక్కడే మిగిలాడు.

గుంజకు తాడు బిగించి కట్టాడు. తర్వాత దానికే ఆనుకుని రోడ్డు వైపు చూశాడు. మొదటి కారు మోరీ దాటింది. రెండోది గుంతలో కాసేపు ఆగి, అదీ దాటింది. దుమ్ము అణిగేదాకా ఆగాడు. మహిధర్ వేసిన కుర్చీని మోరీ దిక్కుగా తిప్పుకుని, చుట్టమొస్తే తుడిచినట్టు తువ్వాలతో తుడిచి, తువ్వాల దాని చేతి మీద వేసి, కూర్చున్నాడు. వీపు ఆనే చోట సందుల్లోంచి గుట్ట మీది గాలి చల్లగా తగిలింది. ఇంత సుఖంగా ఉంటుందని తెలియదు అనుకున్నాడు.

జనం తిరిగొస్తూ దూరం నుంచే చూశారు.

"సూడుండ్రి, కూసున్నడు."

అందరికంటే ముందు మొగులమ్మ వచ్చింది. "సిగ్గు లేదా ఈరయ్యా? ఊరంత ఎండల సస్తుంటే..." అంటూ భుజం పట్టి ఊపింది. తల పక్కకు వాలిపోయింది.

చాలాసేపు ఆమె చేయి ఆ భుజం మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అడిగింది. "కార్లు దాటినంకనే కూసున్నడా? ఎవలన్న సూసిండ్రా?"

ఎవరూ చూడలేదు. అందరూ కార్ల వెంట ఉరికినవాళ్లే.

ఈరయ్యను ఇంటికి మోసుకెళ్లాక, సాయంత్రం టెంట్‌హౌస్ ఆటో వచ్చి గుంజలూ గుడ్డా కుర్చీలూ ఎత్తుకుపోయింది. మొగులమ్మ ఒకదాన్ని మాత్రం ముట్టనివ్వలేదు. ఎర్ర కుర్చీ, చేతి మీద ఈరయ్య తువ్వాలతో, బడి ముందర మోరీ దిక్కుగా తిరిగి ఉంది.