కూర్మయ్య గొంతు

బల్ల కింద దూరి, సీపీయూ వెనక పోర్టులోని తొమ్మిది సూదుల మీద దుమ్ము ఊదుతున్నాడు యువరాజు. పేరుకే యువరాజు. యాభై రెండేళ్లు, బట్టతల, వాచిన పాదాలు, ఎడమ చేతి మీద డయాలసిస్ సూదులకు తాడులా ఉబ్బిన నరం. పలాస జీడి ఫ్యాక్టరీల్లో, నౌపడ ఉప్పు కొఠార్ల దగ్గర లారీలు తూచే కాటాలకు ప్రోగ్రాములు రాయడం అతని పని. ఇరవై ఏళ్లుగా ఇదే. ఎవరైనా అడిగితే అతని భార్య రోజా "కంప్యూటర్లు బాగుసేత్తారు" అని తేల్చేస్తుంది. పోనీలే, అదీ నిజమే.

ఈ ఫ్యాక్టరీ కాటా మనిషి కూర్మయ్య. ముప్పై ఏళ్లుగా మీటరు మీది అంకె చూసి, కిటికీలోంచి డ్రైవరుకు అరిచి చెప్పి, చీటీ రాస్తున్నాడు. ఈమధ్య చూపు మందగించింది, ఎనిమిదిని మూడంటున్నాడు. ఈ సాయంత్రానికి కంప్యూటరే బరువు పట్టుకోకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు యజమాని సోమేశ్వరరావు.

"అల్లుడా, ఈరోజు నువ్వు ఆస్పత్రిలో మిషన్ మీదికి ఎళ్లాల కాదేటి?" అన్నాడు కూర్మయ్య. చుట్టరికమేమీ లేదు, పిలుపులే.

"రేపెళ్తాను మావా. ఒక్క రోజుకేటవదు."

ఏమీ అవదని అతనికీ నమ్మకం లేదు. కానీ ఈ ముసలాయన్ని రోడ్డు మీద పడేసి ఆస్పత్రి మంచమెక్కడానికి మనసొప్పలేదు.

చిక్కల్లా ఒక్కటే. మీటరు అంకెల్ని ఒక్కొక్కటిగా తీగలోకి వదులుతుంది. ప్రోగ్రాముకేమో ఆత్రం. రెండంకెలు రాగానే బరువని రాసేస్తుంది. పదహారు వేల కిలోల లారీ పదహారు కిలోలట! మేకపిల్ల కూడా నవ్వుతుంది.

బయట ఒక లారీ కాటా ఎక్కింది. కూర్మయ్య డ్రైవరును దింపి, చెయ్యెత్తి నిలబడ్డాడు.

"ఇంకేటి సూత్తన్నావు మావా?"

"ఊగుతంది. కుదురుకోనీ. అప్పుడు సెప్తాది."

యువరాజు చటుక్కున కీబోర్డు ముందుకు జరిగాడు. మీటరు చివర పంపే ముగింపు గుర్తు వచ్చేదాకా అంకెల్ని కూడబెట్టడం, ఐదుసార్లు అదే బరువు వస్తేనే నమ్మడం. ప్రోగ్రాముకు ఆ ఓపిక నేర్పేసరికి మధ్యాహ్నమైంది. తెర మీద బరువు రాయిలా నిలబడింది.

బరువు బిగ్గరగా చెప్పడానికి కూర్మయ్య గొంతునే ఫోనులో పట్టాడు. ముసలాయన సిగ్గుపడుతూ అంకెలన్నీ పలికాడు. తరవాతి లారీ ఎక్కగానే స్పీకరు "లాభం, రెండు, నాలుగు, లాభం, సున్నా" అని అరిచింది. ఒకప్పుడు ధాన్యం కొలిచిన చెయ్యి కదా, మొదటి కుంచాన్ని ఏనాడూ ఒకటి అనలేదు, శుభమని లాభం అనే లెక్కపెట్టాడు. డ్రైవరు పకపకా నవ్వాడు.

"అయ్యో, అది తీసీ అల్లుడా! మల్లీ సెప్తాను."

"అలాగే ఒగ్గీ మావా. బాగుంది."

సోమేశ్వరరావు వచ్చి విన్నాడు. నవ్వు ఆపుకోలేక, "నువ్వే ఉండు కూర్మయ్యా. లారీలు నువ్వు నిలబెట్టు, మిగతాది అదే సూసుకుంటాది" అని వెళ్లిపోయాడు.

కూర్మయ్య కళ్లు తుడుచుకున్నాడు. యువరాజు తీగకు మరలు బిగిస్తూ ఆయాసపడ్డాడు. "కాసేపు తొంగుంటాను మావా. మిగిలింది లెగిసాక" అని గోడవార బెంచీ మీద వాలాడు.

మూడు గంటలకు లారీ వచ్చి హారన్ మోగించింది. కూర్మయ్య చేతులడ్డంపెట్టి పరుగెత్తాడు.

"కొట్టకు బాబూ! మా అల్లుడు తొంగున్నాడు."

కాటా ఎక్కనిస్తే స్పీకరు అరుస్తుందని లారీని గేటు దగ్గరే ఆపేశాడు. దాని వెనక ఇంకొకటి ఆగింది. డ్రైవర్లు విసుక్కున్నారు, తిట్టారు. కూర్మయ్య కదల్లేదు. నాలుగింటికి టీ తెచ్చి, "లెగు అల్లుడా, సల్లారిపోతాది" అని భుజం తట్టాడు. యువరాజు పలకలేదు. కదలని ఛాతీ మీద చెయ్యి పెట్టి, కూర్మయ్య చాలాసేపు తియ్యలేదు.

"నాకోసం ఉండిపోయావేటిరా నాయినా" అన్నాడు చివరికి.

రోజాకు ఫోను వెళ్లింది. మనుషులు వచ్చి అతన్ని మోసుకెళ్లారు. గేటు దగ్గర లారీలు ఒక్కొక్కటే కాటా ఎక్కి దిగాయి. కూర్మయ్య తడుముకుంటూ బల్ల కిందికి వంగాడు. తీగకు ఒక మర గట్టిగా బిగించి ఉంది. రెండోది సగంలో ఆగి ఉంది, దాని కింద నేల మీద యువరాజు చిన్న స్క్రూడ్రైవర్.