నోరులేని ఇంటి రౌటరు

ఇంటర్నెట్ కంపెనీ లైన్‌మెన్లలో ఒక పద్ధతి ఉంది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎవరూ ఎవరికీ నేర్పరు. అయినా చేరిన ఆర్నెల్లలో అందరికీ వచ్చేస్తుంది. వాళ్ళలో వాళ్ళు దాన్ని ‘తిప్పుడు’ అంటారు. స్టోరులో కొత్త రౌటర్లు ఎప్పుడూ ఉండవు. ఉన్నవన్నీ ఎవరింట్లోనో చెడిపోతే పట్టుకొచ్చి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అట్టపెట్టెలో కూర్చోబెట్టినవే. మరి అరిచే కస్టమరుకి మంచి రౌటరు ఎక్కణ్ణించి వస్తుంది? అరవని కస్టమరు ఇంట్లోంచి వస్తుంది. అరిచే ఇంటి చెడ్డ రౌటరు అరవని ఇంటికి పోతుంది. ఫిర్యాదు మూసేస్తారు, పైవాళ్ళు సంతోషిస్తారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

నిచ్చెన కూడా అలాగే తిప్పాడు. నిచ్చెన అతని అసలు పేరు కాదు లెండి. మనిషి పొడుగు, భుజాన ఎప్పుడూ నిచ్చెన, ఆఫీసువాళ్ళు రెండిటికీ కలిపి ఒకే పేరు పెట్టేశారు. పదకొండేళ్ళ సర్వీసు. పని శుభ్రం, మాట మెత్తన. ఇన్నేళ్ళలో ఎవరింటి రౌటరు ఎవరింట్లో పెట్టాడో ఇంటికెళ్ళి అన్నం తినేలోగా మరిచిపోయేవాడు. ఈసారి మాత్రం మరుపు రాలేదు.

సంగతేమిటంటే, మెయిన్ రోడ్డు మీద ఒక లాయరుగారున్నారు. ఆయనింట్లో రౌటరు అరగంటకోసారి వేడెక్కి, ఎర్ర లైటు వేసి, చచ్చి ఊరుకునేది. కాసేపయ్యాక దానంతట అదే లేచేది. ఆయన ఊరుకునే రకమా? ఫోను తీసి కంపెనీలో చిన్నా పెద్దా అందర్నీ ఏకిపారేశాడు. సూపర్‌వైజరు నిచ్చెనని పిలిచాడు.

“కొత్త స్టాకు వచ్చే నెల. లాయరుగారి ఫిర్యాదు మాత్రం సాయంత్రానికి మూసెయ్యాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు. నాకు తెలియాల్సిన పనీ లేదు.”

తెలీదన్నాడంటే అన్నీ తెలుసని అర్థం. నిచ్చెన బండి మీద కూర్చుని ఆలోచించాడు. తన వాటా ఇళ్ళలో నోరులేని ఇల్లు ఏది? ఆలోచించడానికి నిమిషం కూడా పట్టలేదు. వెనక వీధిలో మూడో అంతస్తు అక్క.

ఆ అక్క ఇంట్లో కూర్చుని టైపు చేస్తుంది. ఎక్కడో ఆస్పత్రిలో డాక్టరు రోగిని చూస్తూ మాట్లాడుతుంటే ఈవిడ హెడ్‌ఫోను పెట్టుకుని ఆ మాటలన్నీ అప్పటికప్పుడు కొట్టేస్తుంది. భర్త బస్సు నడిపేవాడు. నడుం దెబ్బతిని రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. అంటే ఆ ఇల్లు నడిచేది ఆవిడ పదివేళ్ళ మీద. ఆ సంగతి నిచ్చెనకి బాగా తెలుసు. తెలిసే వెళ్ళాడు.

“అక్కా, కంపెనీవాళ్ళు పాత కస్టమర్లకి కొత్త మోడల్ ఇస్తున్నారు. నీ పేరు నేనే రాయించా” అన్నాడు.

“అయ్యో, నేను అడగనే లేదు కదా తమ్ముడూ!” అని ఆవిడ మొహం ఇంత చేసుకుంది. లోపలికి తిరిగి, “వింటున్నారా, మనకి కొత్తది ఇస్తున్నారట!” అని కేకేసింది.

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా పెట్టిన మొదటి మనిషివి నువ్వేనయ్యా బావమరిదీ!” అని మంచం మీంచి ఆయన నవ్వాడు.

నిచ్చెన కూడా నవ్వాడు. నవ్వి, రెండేళ్ళుగా ఒక్కసారి కూడా మొరాయించని రౌటరుని గోడ మీంచి విప్పి, లాయరుగారింటి చెత్తని అక్కడ బిగించి, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి మెట్లు దిగాడు. ఆ కాఫీ ఎలా దిగిందో గొంతులో!

నాలుగో రోజున ఫోనొచ్చింది. “ఏమనుకోకు తమ్ముడూ. పనిలో ఉంటావు, విసిగిస్తున్నా. నెట్టు మధ్యలో పోతోంది.” తిట్టినా బాగుండేది. వెళ్ళాడు. ఆపి, మళ్ళీ వేశాడు. వైరు మార్చాడు. కిటికీ పక్కకి జరిపాడు. “గోడలు మందం అక్కా, సిగ్నలు అందట్లేదు” అన్నాడు. ఫిర్యాదు మూసేటప్పుడు కారణం రాయాలి కాబట్టి ‘లోపం కస్టమరు ఇంట్లోనే’ అని ఫోనులో కొట్టాడు. కంపెనీలో అందరూ అదే కొడతారు. అది కొడితే ఎవరూ మళ్ళీ అడగరు.

రెండోసారి పిలిచినప్పుడు నోటికొచ్చింది చెప్పాడు. “వేడికి అలా అవుతోంది. గాలి తగిలేలా చూసుకో అక్కా.” మళ్ళీ అదే కారణం కొట్టి వచ్చేశాడు.

మూడోసారి వెళ్ళేసరికి గది ఉడికిపోతోంది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునీ కుర్చీ మీద పెట్టి రౌటరు వైపు తిప్పి ఉంచింది అక్క. మంచం మీద బావగారు చెమటలు కక్కుతూ అట్ట ముక్కతో విసురుకుంటున్నాడు.

“నీ కొత్త మోడలు మహారాజులా ఉందయ్యా. దానికి ఫ్యాను, నాకు అట్టముక్క” అన్నాడాయన.

హాస్యానికే అన్నాడు. నిచ్చెనకి మాత్రం తేలు కుట్టిన దొంగ పరిస్థితి. పైకి అనలేడు, లోపల ఓర్చుకోలేడు. స్క్రూడ్రైవరు పట్టుకుని రౌటరు ముందు ఊరికే కూర్చున్నాడు.

అక్క పక్కకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. “ఆయనకి చెప్పలేదు తమ్ముడూ. లైను పోయినప్పుడల్లా డాక్టరు మాటలు సగం పోతున్నాయి. మా ఆఫీసువాళ్ళు రెండుసార్లు హెచ్చరించారు. శుక్రవారం పదింటి నుంచి పరీక్షగా చూస్తారట. ఆ మూడు గంటల్లో లైను పడిపోతే నన్ను తీసేస్తారు. ఈ వయసులో నాకింకో పని ఎవరిస్తారు చెప్పు?”

“శుక్రవారంలోగా చేసేస్తా. నాదీ పూచీ” అన్నాడు నిచ్చెన. మెట్లు దిగుతూ అలవాటు కొద్దీ ఫోనులో మళ్ళీ అదే కారణం కొట్టాడు.

ఆ రోజు బుధవారం. తిన్నగా స్టోరుకి పోయాడు. స్టోరువాడు అరచేతులు చూపించాడు. గురువారం పొద్దున్నే లాయరుగారింటికి పోయి, “కొత్త మోడల్ వచ్చిందండీ, మారుస్తాను” అని అదే పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. లాయరుగారు కళ్ళజోడు పైకి జరిపాడు. “ఇది బాగానే ఉందిగా? బాగున్నదాన్ని ఎందుకు మారుస్తావు? రాతపూర్వకంగా ఆర్డరేదీ?” నోరున్న ఇంటికీ లేని ఇంటికీ తేడా అదీ. నిచ్చెన సంచి సర్దుకుని బయటికొచ్చాడు.

ఇక మిగిలింది ఒక్కటే, తన ఇంట్లో రౌటరు. కంపెనీ మనిషి కదా, ఏరి తెచ్చుకున్నది, నిక్షేపంలా ఉంది. గురువారం సాయంత్రం అయిదింటికి దాని ముందు నుంచున్నాడు. చెయ్యి కూడా చాచాడు.

ఆరింటికి మ్యాచ్ ఉంది. ఆ ఇంట్లో టీవీ నడిచేదీ ఆ నెట్టు మీదే.

చూడండి మనిషి బుద్ధి! అటు ఒక ఇల్లు కూలిపోతోంది, ఇటు మ్యాచ్. పరీక్ష రేపు పదింటికి కదా, తొమ్మిదింటికల్లా బిగించేస్తే సరిపోదూ అనుకున్నాడు. మ్యాచ్ కావాలని భార్యా అడగలేదు, పిల్లలూ అడగలేదు. తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. సోఫాలో కూర్చుని మ్యాచ్ చివరిదాకా చూశాడు. ఒక్కసారి కూడా ఆగకుండా వచ్చింది బొమ్మ. మనవాళ్ళు గెలిచారు కూడా.

శుక్రవారం ఎనిమిదిన్నరకి రౌటరు విప్పి సంచిలో వేసుకుని బయల్దేరాడు. సందు తిరిగాడో లేదో సూపర్‌వైజరు ఫోను. బ్యాంకులో లైను తెగింది, ఉన్నపళంగా రమ్మని. “సార్, ఒక్క గంట” అందామనుకున్నాడు. గంట ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్తే మొత్తం చెప్పాలి. నోరులేని ఇళ్ళు ఏరుకుని తిరిగే మనిషికి, సారు ముందు తన నోరూ పెగల్లేదు. “వస్తున్నా సార్” అన్నాడు.

బ్యాంకు పని తేలేసరికి పదకొండు దాటింది. మూడంతస్తులూ పరుగున ఎక్కాడు. తలుపు తీసే ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. హెడ్‌ఫోను చుట్ట చుట్టి బల్ల మీద పెట్టేసింది. బావగారు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన జోకు వెయ్యలేదు.

“పదీ ఇరవైకి ఒకసారి, పదీ నలభైకి ఒకసారి పోయింది తమ్ముడూ. తరవాత వాళ్ళే తీసేశారు” అంది. అని, “ఎండన పడొచ్చావు. మంచినీళ్ళు తాగుతావా?” అంది.

నిచ్చెన గోడ దగ్గరికి పోయి పాతది పీకేసి తనది బిగించాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది, కదలకుండా నిలబడింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. వెనక నుంచి అక్క, “ఇంకెందుకులే, నీకు చాలా శ్రమ ఇచ్చాను” అంటోంది. ఆ మాటకి నిచ్చెన అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు.

“అక్కా, అది కొత్త మోడల్ కాదు. లాయరుగారింట్లో చెడిపోయింది. నీ మంచిది పట్టుకెళ్ళి ఆయనకి పెట్టాను.”

“తెలుసు.”

నిచ్చెన తలెత్తాడు.

“మొదటిరోజే తెలుసు. నువ్వు దాన్ని వెయ్యగానే నా ఫోనులో వైఫై లాయరుగారి పేరుతో కనిపించింది. తరవాత నువ్వు పేరు మార్చేశావు.”

“మరి అడగలేదేం అక్కా?”

“నీకెవరో గొంతు మీద కత్తి పెట్టుంటారనుకున్నా. నాలుగు రోజులు పోయాక నీకే మనసొప్పక తెచ్చిస్తావు, ఈలోగా అడిగి తలవంపులు చెయ్యడమెందుకు అనుకున్నా. పిలిచినప్పుడల్లా తెచ్చావేమోనని నీ సంచి వంకే చూసేదాన్ని.” ఆవిడ బల్ల మీది హెడ్‌ఫోనుని పక్కకి నెట్టింది. “నాకు కోపం లేదనుకోకు. చాలా ఉంది. నీ మీద ఉంది, చూస్తూ ఊరుకున్నందుకు నా మీద ఇంకా ఉంది.”

“తిట్టక్కా. నాలుగు తిట్టు.”

“తిడితే నీకు హాయిగా ఉంటుంది. నాకేం ఒరుగుతుంది?”

మంచం మీద బావగారి వీపు కదల్లేదు. ఆయన అంతా వింటున్నాడని నిచ్చెనకి తెలుస్తూనే ఉంది.

అక్క ముక్కు చీది, కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది. “లోపం నాది కాదని మీ కంపెనీ రాసిస్తే మావాళ్ళు మళ్ళీ ఆలోచిస్తామన్నారు. సాయంత్రం అయిదు దాకా టైమిచ్చారు. మీ ఆఫీసుకి ఫోను చేశా. మూడుసార్లూ లోపం కస్టమరు ఇంట్లోనే అని నువ్వు రాశావటగా, అంతకు మించి ఏమీ ఇవ్వలేమన్నారు.”

నిచ్చెనకి పదకొండేళ్ళ సర్వీసు, ఇంట్లో పిల్లలు, సూపర్‌వైజరు మొహం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. తిప్పుడు గురించి రాసిచ్చినవాణ్ణి కంపెనీ ఒక్కరోజు కూడా ఉంచుకోదు. అయినా ఇప్పుడు కూడా ‘రేపు చూద్దాం’ అంటే తను మనిషే కాదనిపించింది.

“కాగితం ఇయ్యి. నేను రాసిస్తా” అన్నాడు.

“నీ రాత వాళ్ళెవరు చదువుతారు? నువ్వు చెప్పు, నేను కొడతాను.”

ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది. నిచ్చెన లేచి నుంచుని గొంతు సవరించుకున్నాడు. “కొన్ని సాంకేతిక కారణాల వల్ల...” అని మొదలుపెట్టాడు.

వేళ్ళు కదల్లేదు. “ఎవరి వల్ల?” అంది అక్క.

“నా వల్ల” అన్నాడు.

టకటకమని మోత మొదలైంది. అతను చెబుతూ పోయాడు. ఏ తేదీన ఏది ఎక్కణ్ణించి ఎక్కడికి తిప్పాడో చెప్పాడు. మందంగోడలు అబద్ధమన్నాడు, మూడుసార్లూ తను రాసిన కారణం అబద్ధమన్నాడు. ఒక్కోచోట ఆగాడు. ఆగినప్పుడల్లా ఆవిడ తొందరపెట్టకుండా తెర వంకే చూస్తూ కూర్చుంది. డాక్టర్ల దగ్గర కూడా అలాగే కూర్చుంటుంది కాబోలు.

“రౌటరు గురువారమే నా చేతిలో ఉంది. మ్యాచ్ చూడాలని ఇంట్లోనే ఉంచుకున్నాను” అన్నాడు చివరికి.

ఈ మాట ఆవిడకి తెలియదు. వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. గోడ వైపు తిరిగిన బావగారు ఒక్కసారి ఊపిరి గట్టిగా వదిలాడు. అక్క నిచ్చెన వైపు చూడలేదు. రెప్పలు రెండుసార్లు ఆర్పి, ఆ వాక్యం కూడా అతను చెప్పింది చెప్పినట్టే కొట్టింది.

“నీ పేరు, ఉద్యోగి నంబరు చెప్పు.”

చెప్పాడు. ఆవిడ మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చదివింది. మౌసు మీద చెయ్యి వేసి, వెయ్యడం వేసి, అలాగే ఆగింది.

“పంపమంటావా?”

“నన్నడుగుతావేంటక్కా, నీ ఇష్టం.”

“అడగాలి కదా తమ్ముడూ” అంది అక్క. “ఇందులో పొయ్యేది నీ అన్నం. అడక్కుండా చేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

నిచ్చెన తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళ రౌటర్లు తిప్పాడో, ఏ ఇంట్లోనూ ఎవర్నీ ఆ ముక్క తను అడగలేదు.

“పంపక్కా” అన్నాడు.