పాతవి తీసేయాలా?

గుడ్లు పొదిగే పెట్టెల్లో వేడి హెచ్చుతగ్గులు కాకుండా చూసేది గది మూలనున్న పాత కంప్యూటరే. అందులో నడిచే ప్రోగ్రాము అన్న రాసింది. దాన్ని మళ్ళీ తయారుచేయాలంటే కావాల్సిన సోర్సు కోడు ఎక్కడ పెట్టాడో ఎవరికీ చెప్పకుండానే అన్న పోయాడు. ఇక అక్కర్లేదని హీటర్లకున్న చేతి స్విచ్చులు పీకించేసింది కూడా ఆయనే. రేపో ఎల్లుండో కోడిపిల్లలు బయటికొస్తాయి. వదిన బతుకుతెరువంతా ఆ పెట్టెల్లోనే ఉంది.

"ఆ కంప్యూటరు పని పిల్లలొచ్చాక చేద్దువుగాని," అంది వదిన.

"పాత సిస్టమ్‌లో దొంగలు దూరే సందులున్నాయి వదినా," అని మరిది పొద్దున్నే దాని ముందు కూర్చున్నాడు. సిస్టమ్ మొత్తాన్ని సోర్సు కోడు నుంచి కొత్తగా తయారుచేశాడు. ముందు దానికి గుండెకాయలాంటి కెర్నెలు ఎక్కించి, కంప్యూటరును ఆపి లేపి, అది నిలబడ్డాకే మిగతావన్నీ ఎక్కించాడు. హీటర్లు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"అబ్బో, మరిదిగారికి చెమటైనా పట్టలేదే!"

"నువ్వే ఊరికే కంగారు పడ్డావు."

చివర్న కంప్యూటరు, ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే పాత లైబ్రరీ ఫైళ్లను ఒక్కొక్కటే చూపించి, తీసేయాలా అని అడగసాగింది. మొదటి కొన్నింటి పేర్లు చదివాడు. తర్వాత విసుగొచ్చి, అన్నిటికీ కలిపి ఒకేసారి అవునన్నాడు.

పెట్టెల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా ఏదో అనుమానమొచ్చి, అన్న ప్రోగ్రాముకు ఏయే ఫైళ్లు కావాలో చూశాడు. ఇప్పుడే తీసేసినవాటిలో ఒకటి దానికి ప్రాణం. అంతకుముందే మెమరీలోకి ఎక్కింది కాబట్టి ఇంకా నడుస్తోంది. ఒక్కసారి ఆగిందా, ఇక లేవదు.

"ఏంటి, మొహం అలా పాలిపోయింది?"

చెప్పాడు. వదిన వేళాకోళం మానేసింది.

"మళ్ళీ తేలేవా?"

"ఆ ఫైలు పాత సోర్సు నెట్‌లోంచి దించి, దాన్ని మళ్ళీ తయారు చెయ్యాలి. సాయంత్రం దాకా పడుతుంది. అందాకా ఇది ఆగకూడదు."

మధ్యాహ్నం కరెంటు పోయింది. హీటర్లు నల్లబడ్డాయి. కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తోంది, బ్యాటరీ ఉండుండి కూస్తోంది.

"ఈ పని బ్యాటరీని తినేస్తుంది వదినా. ఆపితే కంప్యూటరు ఇంకాసేపు నిలుస్తుంది. ఆపమంటావా?"

"కరెంటు ఎప్పుడొస్తుందో నీకు తెలుసా?"

"తెలీదు."

"అలాంటప్పుడు నా నెత్తిన పెట్టకు."

అతను ఆపలేదు. తెర మీద వరుసలు పరుగెడుతూనే ఉన్నాయి. కూతలు దగ్గరదగ్గరగా వచ్చి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తెర నల్లబడింది.

కరెంటు వచ్చేసరికి గదిలో చలి మొదలైంది. కంప్యూటరు చకచకా లేచింది. అందులో ఉన్నవన్నీ లేచాయి, అన్న రాసింది తప్ప. హీటర్లు ఎర్రబడలేదు.

సగంలో తెగిన పనిని అతను మళ్ళీ అందుకున్నాడు. వదిన ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి పెట్టెల మీద కప్పి, ఒకదాని తలుపుకి చెవి ఆనించింది.

"పిల్లలు పెంకులు పొడుస్తున్నాయా?" అడిగాడు తల తిప్పకుండా.

"పొడుస్తున్నాయి," అంది వదిన. కాసేపు విని, "ఇందాకటంత గట్టిగా కాదు," అంది.