చచ్చిన కుప్ప

మార్చి పదకొండు. ఆ పొద్దున మేం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్డు. తేదీ గుర్తుండటం నా గొప్ప కాదు. అది నా భార్య పోయిన రోజు. ఏటా ఆ రోజు అవ్వ ఒక గుడ్డు ఉడికించి, కొంగులో మూటగట్టి తెచ్చి, కాటా గది కిటికీలోంచి నా ముందు పెట్టేది. "తిను అల్లుడూ. దాని వాటా కూడా నువ్వే తిను" అనేది. నేను సగం తుంచి ఆమెకే ఇచ్చేవాణ్ణి. తిడుతూనే తినేది.

అవ్వ నాకు అత్త కాదు. ఊరి చెత్తంతా వచ్చి పడే ఆ యార్డులో ఆమే, నా భార్యా పక్కపక్కన కూర్చుని ఏరేవాళ్లు, అంతే చుట్టరికం. నేను గేటు దగ్గర లారీలు తూచేవాణ్ణి. కాలేజీలో చదివానని, యార్డుకు వచ్చిన ప్రతి కాగితం చదివి చెప్పే పని కూడా నాకే పడింది.

చదువుకుంటున్న పిల్లలూ, పని చేస్తున్న తోటివాళ్లూ, ఒక్క మాట గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

యార్డులో ఆడవాళ్లు ప్లాస్టిక్ ఒకచోట, ఇనుము ఒకచోట, అట్టలు ఒకచోట, గాజు ఒకచోట పోసేవాళ్లు. ఏ కుప్పలోనైనా సగం కాంట్రాక్టరుది. ఎందుకూ పనికిరాని మిగులును మాత్రం అతను ముట్టుకోడు. దాన్ని వీళ్లు చచ్చిన కుప్ప అనేవారు.

ఆ పేరు కింద ఒక గుట్టు ఉండేది. ఎవరైనా జబ్బుపడితే, ఎవరైనా పురిటికి వెళితే, మిగిలినవాళ్లు తలా కొంత మంచి సరుకు తీసి ఒక మూల పోసి, పైన మురికి గుడ్డలూ మట్టీ కప్పేవారు. "అదేంటే?" అని కాంట్రాక్టరు అడిగితే, "చచ్చిందయ్యా" అనేవారు. అతను ముక్కు మూసుకుని వెళ్లిపోయేవాడు. నా భార్య ఊపిరందక మంచం పట్టిన నెలల్లో మా పొయ్యి వెలిగింది ఆ చచ్చిన కుప్ప మీదే. ఆ సంగతి ఆమె పోయాక గానీ నాకు తెలియనివ్వలేదు.

ఆ ఏడాది చచ్చిన కుప్ప అవ్వది. ఆమెకు చూపు తగ్గింది, చేతులు వణుకుతున్నాయి. చెత్తలో దొరికిన కళ్లద్దాలన్నీ ఆమె ఒక రేకు డబ్బాలో దాచేది. చదవలేనివాళ్లు, సూదిలో దారం ఎక్కించలేనివాళ్లు వచ్చి ఒక్కొక్కటే పెట్టుకుని చూసుకుని, సరిపోయింది తీసుకెళ్లేవారు. ఇప్పుడు నా ముక్కు మీద ఉన్నవీ ఆ డబ్బాలోవే. ఆమె చూపుకు సరిపోయేవి మాత్రం ఆ డబ్బాలో ఎప్పుడూ దొరకలేదు.

ఆ మార్చి పదకొండునే యార్డులోకి ఒక తెల్లకారు వచ్చింది. అందులోంచి హెల్మెట్ పెట్టుకున్న ఒక అధికారిణి, ఆమె మాటలు తెలుగులోకి తిప్పి చెప్పే ఒక కుర్రవాడు, యార్డు చివర ఏదో ప్లాంటు కడుతున్న కంపెనీ మేనేజరు దిగారు. కాంట్రాక్టరు వాళ్ల వెనకే చేతులు కట్టుకుని నడిచాడు. ఆమె నేరుగా వచ్చి అవ్వ కుప్ప దగ్గర ఆగింది.

"ఇదేమిటని అడుగుతున్నారు" అన్నాడు కుర్రవాడు.

ఏరేవాళ్లకు పెద్దదిక్కు అక్క. వయసుతో పని లేకుండా అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. అక్క కాంట్రాక్టరు ముఖం చూసింది.

"చచ్చిన కుప్పమ్మా."

"ఇందులోంచి తీయగలిగింది ఇంకేమీ లేదా?"

"ఏమీ లేదు."

"లేదు, లేదు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. అవ్వ అందరికంటే గట్టిగా, "నాకంటే ముందే చచ్చింది తల్లీ!" అంది. అందరూ గొల్లున నవ్వారు. అధికారిణి కూడా, ఏం అర్థమైందో ఏమో, నవ్వింది. తన నీళ్ల సీసా అవ్వ చేతిలో పెట్టింది. ఫోటో తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూట మా వాళ్లు గండం గడిచిందనుకున్నారు.

వానలు వెనకబట్టాక గేటుకు కాగితం అంటించారు. యార్డు చివర కట్టిన ప్లాంటులో చెత్త కాల్చి కరెంటు తీయడం వారం రోజుల్లో మొదలవుతుంది. ఇకపై ఏరేవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. ఇది పచ్చ పెట్టుబడి కింద ఆమోదం పొందిన పని. గేటు ముందు నిలబడి నేను గట్టిగా చదివాను.

"పచ్చ పెట్టుబడంటే ఏంది బాబూ?" అంది అక్క.

"భూమికి మేలు చేసే పనులకే డబ్బిస్తామనే వాళ్లు ఉన్నారక్కా. ఏది మేలో, ఏది కాదో చెప్పే పట్టిక ఒకటుంది. అందులోకి ఎక్కితే పచ్చ. పచ్చ అయితే డబ్బు సులువుగా వస్తుంది."

"అంటే మనం చెత్త ఏరినట్టు వాళ్లు డబ్బును ఏరుకుంటారన్నమాట."

"అదే."

"మరి పొగ పచ్చగా వస్తదా?" అని వెనకనుంచి నిండు నెలల మనిషి ఒకామె అడిగింది. కొందరు నవ్వారు.

"ఊరికే కాలిస్తే పచ్చ కాదు. ఏరగలిగిందంతా ఏరాక, ఎందుకూ పనికిరానిదే కాలిస్తే పచ్చ. ఈ యార్డులో మిగిలిందంతా అలాంటిదేనని రాశారు." తర్వాతి వాక్యం ముందు నాలో నేను చదువుకుని, ఆపైన పైకి చెప్పాను. "ఆ మాట ఏరేవాళ్లే చెప్పారని రాశారు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ నియమం రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. దాన్ని చదివితే మంచి నియమమే. కాకపోతే ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పేవాడి పక్కన ఎవరు నిలబడ్డారో రాసుకునే గడి ఆ పట్టికలో లేదు.

ఆ సాయంత్రం యార్డు గోడ పక్కన అందరూ కూర్చున్నారు.

"అబద్ధం చెప్పామని ఒప్పుకుందాం. కుప్ప తెరిచి చూపిద్దాం" అంది ఒకామె.

"చూపిస్తే? కాంట్రాక్టరు కళ్లబడదా? ఇక ఏ మూల ఏం దాచినా తవ్వి చూస్తాడు." నిండు నెలల మనిషి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "రేపు నేను మంచమెక్కితే నాకెవరు పోస్తారు కుప్ప?"

"యార్డే లేకపోతే కుప్పెక్కడిదే పిచ్చిదానా!" అంది మొదటామె.

అక్క తమ్ముడు కాస్త ఎడంగా నిలబడి ఉన్నాడు. కంపెనీ వాళ్లు కొత్తగా తెచ్చిన, చెత్త ఎత్తిపోసే లోడరు బండికి డ్రైవరు. అక్క అతనివైపు తిరిగింది.

"నువ్వేమంటావురా, కంపెనీ దొరా?"

"నేననేదేముందక్కా. నడపమంటే నడుపుతా. పిల్లకి పాలడబ్బా నువ్వు కొంటావా?"

"నడుపు నాయనా, నడుపు. మా మీదే నడుపు."

కోపంతో అన్న మాట అది. తర్వాత ఆ మాటను వెనక్కి తీసుకోవాలని ఆమె ఎంత ఏడ్చిందో నేను చూశాను.

అప్పటిదాకా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వింటున్న అవ్వ నోరు విప్పింది. "కుప్ప నాది కదే, నన్నడగరేమి? తెరవండి. ఇన్నాళ్లూ అది చచ్చిందని చెప్పి మనం బతికాం. ఇప్పుడు బతికుందని చెప్పకపోతే మనమే చస్తాం."

దాంతో వాదన తెగింది. ప్లాంటులో మంట అంటించే రోజున డబ్బు పెట్టేవాళ్లు చూడటానికి వస్తారు. ఫోటోకెక్కింది అదే కనుక మొదట కాల్చేది అవ్వ కుప్పనే. వాళ్లు వచ్చే వేళకు అందరం ఒక్కటిగా లోపలికి వెళ్లి, వాళ్ల ముందే కుప్ప తెరవాలనుకున్నాం.

ఆ రోజు అవ్వ మాకోసం ఆగలేదు. తన చేతులు ఆలస్యం చేస్తాయని భయపడి ఉంటుంది. కంచె సందులోంచి ముందే లోపలికి వెళ్లి, కుప్పకు అవతలి వైపు కూర్చుని, పైనున్న గుడ్డలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. అతిథులు వచ్చేలోపు కుప్పను ప్లాంటు కొలిమి నోటి దగ్గరికి చేర్చమని మేనేజరు డ్రైవరును పురమాయించాడు. మేం గేటు దాటేసరికి లోడరు ముందుకు కదులుతోంది. గుడ్డల మధ్య అవ్వ తెల్లజుట్టు కనబడింది. అందరం ఒక్కసారే అరిచాం. ఇంజను మోతలో మా అరుపు మాకే వినిపించలేదు.

బండి ఆగింది. డ్రైవరు దిగి చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు.

"అక్కా, అవ్వ అక్కడుందని నాకు తెలీదక్కా. ఒట్టు, తెలీదక్కా."

అక్క అతన్ని కొట్టలేదు. దగ్గరికి వెళ్లి, అతని తల తన పొట్టకు అదుముకుని, "తెలీదురా. నాకు తెలుసు, నీకు తెలీదు" అంది.

లోడరు చీల్చిన కుప్పలోంచి సరుకు బయటపడి ఉంది. తీగ చుట్టలు, సత్తు గిన్నెలు, సీసాలు, అట్టల కట్టలు. అన్నీ తుడిచి, ఏ రకానికి ఆ రకం కట్టి ఉన్నాయి. అప్పుడే కార్లు వచ్చాయి. ముందు దిగింది ఆ అధికారిణే.

"ప్రమాదం జరిగింది, వెనక్కి వెళ్దాం" అంటున్నాడు మేనేజరు.

"వెళ్లకండి!" అంది అక్క. "చూసి వెళ్లండి."

అవ్వ మీద ఒక చీర కప్పారు. ఆమె చుట్టూ కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. గాజుకు గాజు తగిలే చప్పుడొక్కటే. ప్లాస్టిక్ ఒకచోట, ఇనుము ఒకచోట, గాజు ఒకచోట. చచ్చిన కుప్పంటే దాచిన కుప్ప అని, ఎందుకు దాచారో కూడా కుర్రవాడికి నేనే చెప్పాను. కాంట్రాక్టరు వింటుండగానే చెప్పాను. కుర్రవాడు ఒక్క మాటా వదలకుండా తిప్పి చెప్పాడు. అధికారిణి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, చీర కప్పిన చోటునే చూస్తూ నిలబడిపోయింది. ఆమె తర్వాత ఏం రాసిందో నాకు తెలియదు. గేటు మీద పచ్చ పెట్టుబడి కాగితం ఇప్పటికీ అలాగే ఉంది.

పోలీసులు వచ్చారు. డ్రైవరు తనే చేతులు చాచాడు.

"వాడి చేతిలో స్టీరింగొక్కటే ఉందయ్యా" అని అక్క అడ్డం నిలబడి, మేనేజరు వైపు చెయ్యి చూపింది. "ఎత్తమన్న నోరు అదిగో, ఆ తెల్లచొక్కాలో ఉంది. దాన్ని పట్టుకోండి!" ఆమెనూ పట్టుకున్నారు. వ్యాను ఎక్కే ముందు తమ్ముడు అక్క చేతిలో ఏదో పెట్టాడు. ఆమె పక్కనున్న చేతిలో పెట్టింది. అక్కణ్ణుంచి అది ఎన్ని చేతులు మారిందో దేవుడికెరుక.

"లోడరు తాళం ఏది?" అని మేనేజరు గంతులేశాడు. "మంట అంటించాలి! తాళం ఏదీ?"

"చచ్చిందయ్యా" అంది నిండు నెలల మనిషి.

ఆ రోజు కొలిమి వెలగలేదు. పొమ్మన్నా ఎవరూ పోలేదు. ఊరి లారీలు మామూలుగానే వచ్చాయి, నేను మామూలుగానే తూచాను. లోపల వాళ్లు ఏరుతూనే ఉన్నారు. పొద్దువాలే వేళకు ఒక మూల చిన్న కుప్ప లేచింది. పైన గుడ్డ లేదు, మట్టి లేదు. కాంట్రాక్టరు దాని దగ్గర ఆగాడు.

"అదేంటే?"

యార్డంతా చేతులాపింది. పాత జవాబు అందరి నాలుక చివరా ఉంది. నిండు నెలల మనిషి నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"బతికున్న కుప్ప. డ్రైవరు పెళ్లానిది, బిడ్డ పాలకి. సగమూ లేదు, పావూ లేదు. ముట్టుకో చూద్దాం."

మిగిలినవాళ్లూ లేచి కుప్ప ముందుకు వచ్చారు. అతను వాళ్లనీ, వాళ్ల చేతుల్లోని ఇనప కొక్కేలనీ చూశాడు. ముక్కు మూసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు.

అవ్వ శవాన్ని ఆసుపత్రి బండిలో తీసుకెళ్లారు. నేను ఆమె గదికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. పొయ్యి పక్కన అధికారిణి ఇచ్చిన నీళ్ల సీసా, తోమి బోర్లించి ఉంది. కళ్లద్దాల డబ్బా తీసి, అవసరమైనవాళ్లకు అందేలా బయట గూట్లో పెట్టాను. ఆ తలుపు కింద నేలకు రాసుకుని కీచుమంటుంది. పక్కగదిలో పసిపిల్లలు పడుకుంటారని అవ్వ రోజూ దాన్ని కాస్త పైకెత్తి వేసేది. నేనూ పైకెత్తి, చప్పుడు కాకుండా వేశాను.