విప్పిన మిషనూ, పోయిన ఫోటోలూ

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు ఒళ్లో పెట్టుకోండి, ఎక్కడికీ పారిపోవు. పారిపోయిన ఫోటోల సంగతే చెప్పబోతున్నాను.

కుట్టుమిషన్లు బాగుచేసే ఒకావిడ ఉండేది. అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ఇంటి ముందుగదే ఆమె షాపు. కిటికీ కింద బల్ల, బల్ల మీద నూనె మరకల దుప్పటి, దాని మీద వరసగా స్క్రూడ్రైవర్లు. ఆమెదో పద్ధతి. ఏ మిషను విప్పినా ఒక్కో స్క్రూ తీసేముందు ఫోన్‌తో ఫోటో తీసేది. బిగించేటప్పుడు చివరి ఫోటో దగ్గర మొదలుపెట్టి, ఒక్కోటీ చూసుకుంటూ మొదటిదాకా వెనక్కి వచ్చేది.

ఒకనాడు వీధి చివరి టైలరమ్మ తన తల్లి వాడిన మిషను తెచ్చింది. ఏనాటిదో ఏమో, అలాంటిది మిషనక్క కూడా చూడలేదు.

"అందరూ చేతులెత్తేశారక్కా. ఇది తిరక్కపోతే నా ఇల్లు గడవదు," అంది టైలరమ్మ.

అలా అప్పగించి ఊరుకుందా? గంటకోసారి ఫోను. చివరికి మిషనక్క మొదటి స్క్రూ నుంచే, ఫోటో తీయగానే ఆమెకూ ఒకటి పంపడం మొదలుపెట్టింది. "ఇదిగో తల్లీ, నీ మిషను ఇప్పుడిలా ఉంది. ఇక నా బుర్ర తినకు," అంది.

మిషను మొత్తం విప్పి, తుప్పు వదిలించి, ముక్కలన్నీ గిన్నెల్లో ఆరబెట్టింది. ఇంతలో ఫోను చోటు లేదని మొండికేసింది. ఫోటోలన్నీ వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్లేలా కూతురు ఎప్పుడో పెట్టి ఇచ్చింది. 'పైన ఉన్నాయిగా, కింద కూడా ఎందుకు' అనుకుని మిషనక్క అన్నీ తుడిచేసింది. తుడిచినవి ఫోన్లోని చెత్తబుట్టలో కనబడ్డాయి. ఇంట్లో బుట్ట నిండితే ముద్ద దిగని మనిషి కదా, దాన్నీ ఖాళీ చేసింది.

మర్నాడు బిగించడానికి కూర్చుని పైన వెతికితే ఒక్క ఫోటో లేదు. ఎదురుగా గిన్నెల నిండా ముక్కలు. ఏది దేని పక్కదో తెలియదు. ఆ భయంలోనే మనసులో ఒక పురుగు తొలచడం మొదలైంది: పైకి వెళ్లినవి ఎటు పోయినట్టు?

చేతులు తుడుచుకుని ఎదురు వరసలో ఫోటో స్టూడియో నడిపే వదిన, అంటే తన పెద్దన్న భార్య, దగ్గరికి వెళ్లింది.

"వదినా, ఆ క్లౌడు ఎక్కడుంటుంది?"

"ఏం, అద్దెకు ఇల్లు చూస్తున్నావా?"

"నా ఫోటోలు అక్కడ కాపురం పెట్టాయనుకున్నాను. కనబడటం లేదు."

వదిన ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి, వాటిలో ఉంటాయిలే. కానీ నీకు పెట్టిన ఏర్పాటు అద్దం లాంటిదమ్మాయ్. నువ్వు ముఖం మీద మసి తుడుచుకుంటే అద్దంలో మసి మిగులుతుందా? ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయి. పోనీలే, చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి."

"అదీ ఖాళీ చేశాను."

"నీ శుభ్రం తగలెయ్య," అంది వదిన, తల పట్టుకుని. "ఇంకెవరికైనా పంపావా? వేరే వాళ్ల ఫోన్లోకి వెళ్లినవైతే నీ చెయ్యి వాటి దాకా పోదు."

మిషనక్క అడుగులో అడుగు వేసుకుంటూ టైలరమ్మ ఇంటికి వెళ్లింది. దాచకుండా చెప్పేసింది: "నీ మిషను ఫోటోలు పోగొట్టుకున్నాను. నీ దగ్గరున్నాయా?"

టైలరమ్మ ఫోను తెరిచి ముందుకు తోసింది. "రోజూ పడుకునే ముందు చూసుకుంటున్నానక్కా. ఎలా తీసేస్తాను?"

ఫోటోలన్నీ ఉన్నాయి. పంపేటప్పుడు చిన్నవై కాస్త మసకబారాయి, అంతే. వదిన వాటిని స్టూడియో కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసి పెట్టింది. మిషనక్క ముక్కలూ గిన్నెలూ అక్కడికే మోసుకొచ్చి, తెర చూస్తూ బిగించింది. ఒక్క చిన్న స్ప్రింగు కొక్కెం మాత్రం ఎటు తిరిగి ఉందో ఆ మసకలో తేలలేదు. ఎడమకు పెట్టి తిప్పింది. దారం పుటుక్కున తెగింది. కుడికి మార్చింది. టైలరమ్మ తానే చక్రం తిప్పింది. గుడ్డ మీద కుట్లు చీమల బారులా సాగిపోయాయి.

"ఇది మా అమ్మ కుట్టే," అంది టైలరమ్మ, గుడ్డను వేలితో తడుముతూ.

ఆ తర్వాత మిషనక్క రెండు హార్డ్‌డిస్కులు కొంది. ఫోటోలు ఫోన్లో ఉన్నా, వాటి నకలు ఒకటి ఇంట్లో దారం చుట్టే బాబిన్ల డబ్బాలో, ఇంకోటి వదిన స్టూడియోలో. వదిన కూడా తన స్టూడియో ఫోటోల నకలు తెచ్చి మిషనక్క బీరువాలో పెట్టింది. ఒక ఇంటికి నీళ్లొచ్చినా నిప్పంటుకున్నా రెండో ఇంట్లో ఉంటాయి కదా. అప్పుడప్పుడూ వాటిని తెరిచి, ఫోటోలు నిజంగా కనబడుతున్నాయో లేదో చూసుకునేవారు.

"మా ఆడపడుచు సొమ్ము కాపలా కాస్తున్నా," అనేది వదిన.

"కాపలా సరే, దుమ్ము దులుపు," అనేది మిషనక్క.

ఇదీ సంగతి. అద్దానికీ నకలుకీ తేడా మర్చిపోకండి. రేపు ఎవరైనా 'పైన ఉన్నాయిలే' అంటూ ఫోన్లో ఫోటోలు తుడిచేయబోతే, ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ముందు మిషనక్క కథ చెప్పండి.