ఎనిమిది కుండీలు

ప్రొద్దుటూరులో పెద్ద బట్టల అంగళ్ల వెనక ఒక సందుంది. ముందువైపు అద్దాలు, బొమ్మలకు కట్టిన పట్టుచీరలు. వెనకవైపు ఏసీ పెట్టెలు, అవి వదిలే వేడిగాలి, గోడల వెంట సన్నగా కారే నీళ్లు. రోజూ సాయంత్రం నాలుగింటికి గౌరి ఆ సందులోకి వచ్చేది. వాచ్‌మన్ జమాల్ పైపు కింద పెట్టిన పది లీటర్ల క్యాను అప్పటికి నిండి ఉండేది. ఖాళీ క్యాను అక్కడ పెట్టి, నిండినది ఎత్తుకుని, చేతులు మార్చుకుంటూ ఇల్లు చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టేది. ఈమధ్య కుడిభుజం పైకి లేవడం మానేసింది కాబట్టి ఎక్కువ దూరం ఎడమచేతే మోసేది.

ఆ నీళ్లు ఆర్కిడ్లకు. కొళాయి నీళ్లు పోస్తే నెల తిరక్కముందే వేర్ల మీద తెల్లటి పొర కట్టేది. ఆ మొక్కలకు వాననీళ్లు కావాలి, వానేమో ప్రొద్దుటూరుకు ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు గాని రాదు. ఏసీలోంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, వాటితో పని జరుగుతుందని కనిపెట్టింది సుధారాణి. మోసేది గౌరి.

సుధారాణి గౌరి భర్త వంశీధర్‌కు అక్క. జమ్మలమడుగు కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు బాటనీ చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి చదువు, పెళ్లి, ఈ ఇల్లు, అన్నీ ఆమె జీతం మీద నడిచినవే. రిటైరయ్యాక పెరడును చేతిలోకి తీసుకుంది. గోడ వెంబడి రాత్రి పూసేవన్నీ పెట్టింది: నైట్‌క్వీన్, చంద్రకాంత, పారిజాతం, ఒక మూల బ్రహ్మకమలం. మధ్యలో ఇనుప పైపులు నాటించి, ఆకుపచ్చ నెట్టు కట్టించి, దాని కింద ఆర్కిడ్లు చేర్చింది. బెంగళూరు నుంచి రెండు, కేరళ నుంచి నాలుగు, ఎవరో పంపినవి కొన్ని, అట్లా ముప్పై నాలుగయ్యాయి. మట్టి అక్కర్లేని మొక్కలవి. కొన్ని బొగ్గుల్లో, కొబ్బరిపీచు ముక్కల్లో బతుకుతాయి. వాండా అనే రకమైతే ఒట్టి బుట్టలో వేలాడుతూ, వేర్లు గడ్డంలా కిందికి వదిలి, రోజుకు మూడుసార్లు తడపమంటుంది. ఇంత ఎండల ఊళ్లో ఆర్కిడ్లు పూశాయంటే చూడ్డానికి కడప నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

మూడేళ్ల కిందట ఆమె చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు తొణికింది. తర్వాత సంతకం మారిపోయింది. కర్నూలు డాక్టరు ఇది తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవాలి అన్నాడు. అప్పటినుంచి సుధారాణి పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేది, గౌరి చేసేది. ఏ కుండీ ఎండకు జరపాలి, ఏ ఆకు తుడవాలి, ఏ వేరు తీసేయాలి, అన్నీ పాఠం చెప్పినట్టే చెప్పేది. బాగా చేస్తే ఏమీ అనేది కాదు. తప్పు చేస్తే మళ్లీ చెప్పేది. తన ముందు ఇంకా అరవైమంది పిల్లల క్లాసు ఉంది, వెనక బెంచీలో ఒకరికి అర్థం కాకపోతే అందరికోసం మళ్లీ చెప్పాలి అన్నట్టుండేది ఆ తీరు.

గౌరికి పూలంటే ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎన్నడూ తనను తాను అడుక్కోలేదు. తెల్లవారి ఐదింటికి లేచి వంట చూసి, వదినకు మాత్రలిచ్చి, తల దువ్వి, చీర కుచ్చిళ్లు పెట్టి, భర్తకు క్యారియరు కట్టి, అప్పుడు కుట్టుమిషను ముందు కూర్చునేది. అంగళ్ల నుంచి చీరలు తెచ్చి ఫాల్స్ కుట్టడం ఆమె పని. కూతురు రూప వేంపల్లెలో కాపురముంటోంది. రెండు రోజులకొకసారి ఫోన్ చేసి, అమ్మా ఏం చేస్తాండావు అని అడిగేది. పనే కదా అని గౌరి చెప్పేది. ఆ పనేమిటో విడమరచి చెప్పే ఓపిక ఉండేది కాదు.

ఆ ఏడాది ఆషాఢం వచ్చింది. అంగళ్లలో డిస్కౌంట్లు పెట్టారు. వంశీధర్ పనిచేసే అంగడిలో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు పరిచి పరిచి, ఇంటికొచ్చి కాళ్లు గోడకు ఆనించి పడుకునేవాడు. గౌరి దగ్గర ఫాల్స్ కుట్టాల్సిన చీరలు మంచం ఎత్తున పేరుకున్నాయి. అట్లాంటి ఒక సాయంత్రం క్యాను దించి ఊపిరి పీల్చుకుంటుంటే, వాండా బుట్టలో ఆకు సందున ఒక వేరు కుళ్లింది, మొదటికంటా కత్తిరించమని సుధారాణి చెప్పింది. వెలుతురు తగ్గుతోంది. గౌరి స్టూలెక్కి, లేవని చేతిని ఇంకో చేత్తో ఎత్తి పట్టుకుని కత్తెర పెట్టింది. వేరు తెగింది. దాంతోపాటే, దాన్ని ఆనుకుని ఉన్న ఆకుపచ్చటి మొలక ఒకటి తెగి కింద పడింది.

సుధారాణి కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. అది వేరు కాదు. మొగ్గలు తొడగబోయే కాడ. నీలం పూల వాండా అని చెప్పి తెప్పించి నాలుగేళ్లయింది. ఒక్కసారీ పూయలేదు. ఈ కాడ వారం కిందట బయటపడితే, సుధారాణి ఎవరికీ చెప్పకుండా రోజూ చూసుకుంటోంది.

"మొద్దు చేతులు" అంది సుధారాణి. గట్టిగా కూడా అనలేదు.

గౌరి స్టూలు దిగింది. కత్తెర కుండీ అంచున పెట్టింది. "ఈ మొద్దు చేతులతోనే గదా వదినా పొద్దున నీకు తల దువ్వింది" అంది. లోపలికి పోయి మిషను ముందు కూర్చుంది. కానీ కుట్టలేదు. ఆ రాత్రి భర్తకు కూడా ఏం జరిగిందో చెప్పలేదు. అడిగే స్థితిలో అతనూ లేడు.

రెండు రోజులు ఇద్దరి మధ్యా మాట లేదు. మాత్రలు అందాయి, అన్నం అందింది, నీళ్ల క్యాను వచ్చింది. మూడో రాత్రి భుజం సలుపుకు నిద్రపట్టక గౌరి పెరట్లోకి వచ్చింది. బ్రహ్మకమలానికి రెండు పూలు విచ్చి ఉన్నాయి. ఎప్పుడైనా అది పూస్తే సుధారాణి ఇల్లంతా లేపేది, పక్కింటి వాళ్లను పిలిచేది. ఈసారి ఒక్కతే కూర్చుని ఉంది. గౌరి అరుగు మీద కూర్చుంది. వాసనకు తల దిమ్మెక్కినట్టయింది.

"నీకు శానా కష్టమైతాంది" అంది సుధారాణి. "రేపు ఫణీంద్రకు ఫోన్ చేస్తా. కాలేజీకి ఇచ్చేద్దాం అన్నీ."

గౌరికి వద్దు అనాలని తెలుసు. మర్యాదకైనా అనాలి. కానీ నోరు రాలేదు. "సరే వదినా" అని లేచి పోయి పడుకుంది. చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

ఫణీంద్ర సుధారాణి దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు అదే కాలేజీలో బాటనీకి హెడ్. మేడం ఆర్కిడ్లు ఇస్తానంటే ఫోన్లోనే పొంగిపోయాడు. శుక్రవారం ట్రాలీ ఆటో మాట్లాడారు. ముప్పై నాలుగు కుండీలు, బుట్టలు గౌరి, డ్రైవరు కలిసి ఎక్కించారు. కదలకుండా మధ్యలో పాత చీరలు కుక్కారు. సుధారాణి డ్రైవరు పక్కన కూర్చుంది. గౌరి వెనక కుండీల మధ్య, బుట్టలను చేత్తో పట్టుకుని కూర్చుంది. జమ్మలమడుగు చేరేసరికి ఒళ్లంతా దుమ్ము.

కాలేజీలో శాలువా కప్పారు. పిల్లలు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. ఫణీంద్ర మేడం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆమె చేతులు వణకడం అందరూ చూసి, చూడనట్టున్నారు. తర్వాత కుండీలను వెనకున్న నెట్ హౌసులోకి మోశారు. నెట్టు ఈదురుగాలికి సగం చినిగి వేలాడుతోంది. మూలన బోరు నీళ్ల కొళాయి. దాని కింద బండ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

ఎవరు చూసుకుంటారని సుధారాణి అడిగింది. తనకు క్లాసులు, ఆన్‌లైన్‌లో ఎక్కించే లెక్కలు, వచ్చే నెల ట్రైనింగూ ఉన్నాయి కాబట్టి మాబున్ని చూసుకుంటుందని ఫణీంద్ర చెప్పాడు. మాబున్ని కాలేజీలో ఊడ్చే మనిషి. యాభై దాటి ఉంటుంది. మోకాలికి గుడ్డ చుట్టుకుని, చీపురు గోడకు ఆనించి వచ్చి నిలబడింది.

సుధారాణి నెట్టు బయట రాతిబెంచీ మీద కూర్చుండిపోయింది. చెప్పాల్సింది గౌరికే పడింది. గౌరి మొదలుపెట్టింది. కొళాయి నీళ్లు వద్దు, ప్రిన్సిపాలు గదిలో ఏసీ ఉంటే దాని పైపు కింద క్యాను పెట్టాలి. వేరు తెల్లగా వెండిరంగులో ఉంటే దాహంగా ఉన్నట్టు, పచ్చగా ఉంటే నీళ్లు చాలినట్టు. ఆకుల మధ్య నీళ్లు నిలిచిపోతే కుళ్లుతుంది, గుడ్డతో అద్దేయాలి. బుట్టలవి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడపాలి. చెబుతూ చెబుతూ, ఇదంతా తనకెప్పుడు తెలిసిందా అనుకుంది. ఎవరూ నేర్పినట్టు లేదు. తప్పులు చేస్తూ చేస్తూ వచ్చిన చదువు.

మాబున్ని అంతా విన్నది. "పోస్తా అక్కా, పొయ్యమంటే" అంది. "పదహారు రూములు ఊడ్చల్ల. బాత్రూములు కడగల్ల. సారోళ్లకు టీ తేవల్ల. దాంట్లో ఇదొకటి. పోస్తాలే."

ఆ మాటలో కోపం లేదు, సాధింపు లేదు. రూప ఫోన్ చేసినప్పుడు, పనే కదా అని తను చెప్పే గొంతు అదేనని గౌరికి తట్టింది. ఆమె మాబున్ని చేతివైపు చూసింది. చీపురు పట్టి పట్టి వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. ఏసీ పైపు ఎక్కడుందో చూపిస్తానని మాబున్ని పైకి చేయెత్తబోయి, భుజం దగ్గర ఆగి, రెండో చేత్తో చూపించింది.

గౌరి నెట్టు బయటికి వచ్చి వదిన ముందు నిలబడింది.

"వదినా, ఇది ఇచ్చేసినట్ల కాదు" అంది. "నా నెత్తిమీది మూట తీసి ఈ యమ్మ నెత్తిన పెట్టినట్ల. ఆయమ్మ కాదనలేదు. నేనూ అనలేదు గదా ఇన్నాళ్లూ."

సుధారాణి తలెత్తి చూసింది. శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. ఆమె గౌరిని చూసింది, వెనక నిలబడ్డ మాబున్నిని చూసింది. వణికే చేతిని ఇంకో చేతికింద అదిమిపెట్టింది. అప్పుడు అడిగింది.

"నీ వల్ల ఎన్నైతాయి?"

గౌరి లెక్కపెట్టలేదు. నోటికొచ్చింది చెప్పింది. "ఎనిమిది."

"పది కూడా కాదా?"

"ఎనిమిది వదినా. నిజం చెప్తాండా."

"అయితే ఎనిమిదే" అంది సుధారాణి. తర్వాత నెట్టులోకి చూస్తూ, "ఆ నీలంది పెట్టుకో" అంది.

"అది వద్దు. దానికి మూడుపూటలా తడపల్ల. నాకు శాతగాదు."

సుధారాణి ముఖం కొంచెం బిగిసింది. మళ్లీ అడగలేదు.

ఫణీంద్ర చిన్నబుచ్చుకున్నాడు. తను చూసుకుంటానన్నాడు, పిల్లలకు డ్యూటీ వేస్తానన్నాడు. సుధారాణి అతన్ని క్లాసులో పేరుపెట్టి పిలిచి నిలబెట్టినట్టే చూసింది. "ఏమనుకోవద్దు ఫణీంద్రా. నీకు పువ్వు కావల్ల, కుండీ వద్దు. నేనూ కొన్నాళ్లుగా అట్లనే ఉండా" అంది. కుండీలు దించడానికి అంతసేపు పట్టలేదు గాని, దించినవన్నీ మళ్లీ ఎక్కించడానికి గంట పట్టింది. మాబున్ని వద్దన్నా వినకుండా చిన్న కుండీలు అందించింది. ఫణీంద్ర కూడా చొక్కా చేతులు మడిచి రెండు బుట్టలు మోశాడు.

ముద్దనూరు రోడ్డులో చెన్నకేశవ అనే ఆయన నర్సరీ ఉందని డ్రైవరే చెప్పాడు. చుట్టు తిరిగి పోవాలని కాస్త గొణిగాడు గాని తీసుకుపోయాడు. చెన్నకేశవ నాయన గొర్లు మేపినవాడు. ఇతను ఆ గొర్లు అమ్మి నర్సరీ పెట్టాడు. వాననీళ్లకు ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట ఉంది, తుంపర్లు చల్లే పైపులున్నాయి. అతను శాలువాలు తేలేదు. కుండీలు దించుతూ ఒక్కోదాని పేరు అడిగి, నల్ల మార్కరుతో అంచు మీద రాసుకున్నాడు. సుధారాణి నిలబడే చెప్పింది. నీలం వాండా దగ్గరికి వచ్చేసరికి ఇదేం రంగని అడిగాడు.

"ఇంగా పూయలేదప్పా. పూస్తే ఒక ఫోన్ చెయ్యి" అంది.

ఇరవై ఆరు అక్కడ ఉండిపోయాయి. తిరుగు ప్రయాణంలో గౌరి ముందు కూర్చుంది, డ్రైవరుకూ వదినకూ మధ్య ఇరుక్కుని. కాళ్లు చాపడానికి చోటు లేదు. సుధారాణి ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలను చూస్తూ కూర్చుంది. ఒకసారి కళ్లు తుడుచుకుంది, చేయి వణికి కొంగు జారితే గౌరి సర్ది పెట్టింది.

ఆ రాత్రి వంశీధర్ అన్నం తింటుంటే, రేపటినుంచి ఏసీ నీళ్లు నువ్వే స్కూటరు మీద తేవాలని సుధారాణి చెప్పింది. అంగడిలో ఏమనుకుంటారోనని అతను నసిగాడు. మూడేళ్లుగా మీ ఆవిడ అదే అంగడి వెనకనుంచి మోసుకుపోతుంటే ఏమీ అనుకోని వాళ్లు ఇప్పుడేమనుకుంటారని ఆమె అడిగింది. అతను తలవంచుకుని తిన్నాడు. మర్నాటినుంచి తెచ్చాడు. మధ్యలో రెండుసార్లు మర్చిపోయాడు కూడా.

దసరాకు ఎనిమిదిలో మూడు చచ్చిపోయాయి. రెండు ఎండకు, ఒకటి ఎందుకో తెలియలేదు. సుధారాణి కాళ్లు కూడా తడబడటం మొదలైంది. ఇప్పుడు స్నానానికి పట్టుకుని తీసుకుపోవాలి, అన్నం కలిపి పెట్టాలి. అంటే గౌరికి పని తగ్గిందని కాదు. పెరట్లో తగ్గింది ఇంట్లో చేరింది. భుజానికి ఫిజియోథెరపీకి పొమ్మన్నారు, రెండు వారాలు పోయి మానేసింది.

చెన్నకేశవ నుంచి ఫోన్ ఇంకా రాలేదు. సుధారాణి ఆ ప్రస్తావన తేలేదు. సాయంత్రం పూట కుర్చీలో కూర్చుని కుండీలవైపు చూస్తుంది. ఏదో చెప్పబోయి ఆగుతుంది. ఆగి, ఇంతకుముందు ఎన్నడూ అడగని మాట అడుగుతుంది.

"గౌరీ, ఇప్పుడు వీలైతాదా?"

వీలైతే గౌరి కత్తెర తీసుకుని వస్తుంది. వీలుకాని రోజు, "రేపు చూద్దాం వదినా" అని లోపలికి పోయి కాసేపు నడుం వాలుస్తుంది. అట్లాగేలే అని సుధారాణి అక్కడే కూర్చుంటుంది, చీకటిపడి గౌరి వచ్చి లేపేదాకా.